తోక బయటికి చుట్టిన రీలు

పొడుగాయన మెట్లు దిగుతూ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. నిన్నటికి నాలుగు రీళ్ళు అయ్యాయి. ఇవాళ ఐదు, ఆరు. ఏడోది రేపు. రేపు అనుకోగానే కాలు మెట్టు మీదే ఆగిపోయింది. వెనకాల ఫైళ్ళు మోసుకొస్తున్న గుమాస్తా "ఏం సార్, మోకాళ్ళా?" అని జాలిగా అడిగాడు. "ఆఁ, మోకాళ్ళే," అన్నాడు పొడుగాయన. డెబ్భై మూడేళ్ళ వయసులో మిగిలిన సుఖం అదొక్కటే. ఏ బాధనైనా మోకాళ్ళ మీదికి నెట్టేయొచ్చు.

టేపుల గది గ్రంథాలయం అడుగు అంతస్తులో ఉంది. కిటికీ లేదు. రెండు కుర్చీలు, ఒక బల్ల, బల్ల మీద రీళ్ళు తిరిగే పెద్ద మిషను, పక్కన కంప్యూటరు. టేపులమ్మాయి అప్పటికే పనిలో ఉంది. అమ్మాయి అని ఆయన పిలుపే గానీ ఆవిడకి నలభై నాలుగేళ్ళు. పుల్లకి చుట్టిన దూదిని స్పిరిట్‌లో ముంచి, టేపు రాసుకుంటూ పోయే లోహపు ముక్కని తుడుస్తోంది. దూది గోధుమరంగుకి తిరిగితే పారేసి ఇంకోటి తీస్తుంది. తెల్లగా వచ్చేదాకా వదలదు.

పాత సంగీతం వేసే కంపెనీ ఒకటి పొడుగాయన ఇంకో ఇద్దరితో కలిసి వాయించిన రికార్డులన్నీ మళ్ళీ బయటికి తెస్తానంది. దానికి ముందు టేపులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాలి. ఏ రీల్లో ఎవరు, ఎప్పుడు అని చెప్పడానికి బతికున్నవాడు ఒకడు కావాలి కదా, అందుకని పొడుగాయన రోజూ వస్తున్నాడు. ఆయన వాయించింది డబుల్ బేస్, మనిషి కంటే ఎత్తుండే ఫిడేలు. డ్రమ్స్ వాయించిన పిడుగు పోయి పదకొండేళ్ళయింది. క్లారినెట్ వాయించిన పిచిక ఉన్నాడు. సొంత బావమరిదే. కానీ రమ్మంటే రాడు.

ముగ్గురూ వాయించింది ఫ్రీ జాజ్. ముందు రాసిపెట్టుకున్న పాట ఉండదు, తాళం లెక్క ఉండదు. ఒకడు మొదలుపెడతాడు. మిగతావాళ్ళు చెవులు రిక్కించి వింటూ వెంట పోతారు. అలవాటు లేనివాళ్ళకి మాత్రం మూడిళ్ళవాళ్ళు ఒకేసారి సామాన్లు సర్దుకుంటున్నట్టు ఉంటుంది.

ఐదో రీలు తిరగడం మొదలైంది. ముందు బరబరమని చప్పుడు, ఆ తర్వాత ఒక తుమ్ము, ఆ వెనకాలే ఇంకో తుమ్ము.

"పిడుగు," అన్నాడు పొడుగాయన. నవ్వు ఆగలేదు. "పరుపుల కొట్టు పైన, మూడో అంతస్తులో వాయించేవాళ్ళం అమ్మా. గదినిండా దూది బస్తాలే. బయటి చప్పుడు లోపలికి రాదని తీసుకున్నాం. దూది పింజలు వచ్చి నా కమానుకి అంటుకునేవి, మావాడి క్లారినెట్ చిల్లుల్లో దూరేవి. వీడికేమో ఎక్కడున్నా ముక్కులోకే."

టేపులో పాట పావుగంట నడిచి ఆగింది. ఆగాక మాటలు వినబడ్డాయి. పిడుగు గొంతు బొంగురుగా "ఎవరిదిరా?" అంది. "నాదే," అంది పొడుగాయన గొంతు, ముప్పై అయిదేళ్ళ వయసులో ఎంత పొగరో దానికి. "పేరు?" "వంకర చెంచా." ముగ్గురి నవ్వూ వినబడింది. ఆ నవ్వుల్లో ఒకటి ఇక ఎప్పటికీ వినబడదు కదా అనుకున్నాడు పొడుగాయన. ఆ రోజులు ఎంత బాగుండేవని! తిండికి ఠికానా లేదు, వినడానికి మనిషి లేడు, అయినా మెట్లు రెండేసి చొప్పున ఎక్కేవాళ్ళు.

"ఎవరిది అంటే ఏంటి సార్?" అంది టేపులమ్మాయి.

"మా కట్టుబాటు అది. రాసిన పాట లేనప్పుడు ఇది ఎవరిదని చెప్తాం? అందుకని ఎవడు మొదలుపెడితే పాట వాడిది. పేరు వాడే పెట్టాలి. మిగతావాళ్ళు నోరెత్తకూడదు."

"అయితే 'మూడో అంతస్తు' మీదే అన్నమాట." ఆవిడ మొహం వెలిగింది. "మా అన్నయ్య రోజూ పెట్టేవాడు సార్ ఆ రికార్డు. మీరొక్కరే మొదలుపెడతారు చూడండి, తీగ ఊపిరి పీల్చుకుంటున్నట్టు... లేచి లేచి టక్కున ఆగిపోతుంది. అలా ఎలా వాయించారో ఇప్పటికీ ఎవరికీ అంతుపట్టలేదు. తర్వాత క్లారినెట్ వస్తుంది మీ వెనకాలే. ఆ టేపు చేత్తో పట్టుకుంటానని కలలో కూడా అనుకోలేదు. రేపే కదా?"

"మంచినీళ్ళున్నాయా అమ్మా?" అన్నాడు పొడుగాయన.

*

ఇంటికి వచ్చేసరికి ముందుగదిలో భార్య కుట్టుమిషను విప్పదీసి ఉంది. దాని ముందు గొంతుక్కూర్చుని పిచిక పని చేస్తున్నాడు. అరవై నాలుగేళ్ళొచ్చినా మనిషి ఇంకా బక్కపల్చగానే ఉన్నాడు, ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కుట్టుమిషన్లు బాగుచేసి బతుకుతాడు. పాత టూత్‌బ్రష్షుతో పళ్ళచక్రం సందుల్లోంచి దారప్పోగులు లాగుతున్నాడు. లాగిన ప్రతి పోగునీ వెలుతురుకి ఎత్తి చూసి కాగితంలో వేస్తున్నాడు.

"అక్కా, ఈ మిషనుకి నూనె పోసి ఎన్నాళ్ళయింది? పుట్టినప్పుడు పోసిందే లాగుంది."

"నీకు కబురు పెట్టి మూడు నెలలయింది. ముందు ఆ సంగతి చెప్పు," అంది అక్క వంటింట్లోంచి.

పిచిక నవ్వి బావగారి వైపు చూశాడు. "ఎంతవరకు వచ్చింది బావా?"

"ఆరు అయ్యాయి." పొడుగాయన చెప్పులు విడిచి కుర్చీలో కూర్చున్నాడు. "ఇవాళ పిడుగు తుమ్ములు విన్నాను. వరసగా తొమ్మిది."

"తొమ్మిదేనా? రికార్డువాడు మొహమాటానికి కొన్ని తీసేసుంటాడు."

"రేపు రారా నాతో. ఒక్క పూట."

ఆ మాట తన నోట్లోంచి ఎందుకొచ్చిందో పొడుగాయనకే తెలియలేదు. వస్తానంటే ఏం చేసేవాడో కూడా తెలియదు. పిచిక చక్రానికి ఒక చుక్క నూనె వేసి, చేత్తో నెమ్మదిగా తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"నేనొచ్చి చెప్పేదేముంది బావా? వెనకాల నడిచినవాణ్ణి ఎవరైనా దారి అడుగుతారా?"

మామూలుగానే అన్నాడు, ఎత్తిపొడుపేమీ లేదు. ఎత్తిపొడిచినా బాగుండేది. పొడుగాయన పేపరు తెరిచి అడ్డం పెట్టుకున్నాడు. ఒక్క అక్షరం కూడా కంటికి ఆనలేదు.

*

ఏడో డబ్బా మీద దుమ్ము తుడిచి మూత తీయగానే టేపులమ్మాయి "ఓహో" అంది. రీలు అంచున ఎర్ర పట్టీ ఒకటి అంటించి ఉంది.

"చూశారా సార్? పాత రేడియోవాళ్ళ అలవాటు ఇది. రికార్డు చేశాక టేపుని మళ్ళీ వెనక్కి చుట్టరు. ఉన్నదున్నట్టే డబ్బాలో పెట్టేస్తారు. అలాగైతే టేపు చెడదు. తోక బయటికి ఉంటుంది, తల లోపల ఉంటుంది. మిగతా ఆరూ మీరు అప్పుడే వెనక్కి తిప్పుకుని వినుంటారు. ఇది మాత్రం అలాగే ఉండిపోయింది."

"ఆ రోజు కొట్టు మూసే వేళయింది," అన్నాడు పొడుగాయన. "కిందనించి తాళాలు గలగలలాడించాడు కొట్టాయన. వినకుండానే దిగిపోయాం."

"తెలియనివాళ్ళ చేతిలో పడితే తోకవైపునుంచే మొదలుపెట్టేస్తారు. అప్పుడు మొత్తం తిరగబడుతుంది." ఆవిడ ఆ మాట నవ్వుతూ అని, రీలుని మిషను మీద పెట్టింది. అరచేతిని రీలు పక్కన ఆనించి, మెల్లగా వెనక్కి చుట్టడం మొదలుపెట్టింది.

వద్దమ్మా అనడానికి పొడుగాయనకి నాలుగు నిమిషాలు టైము ఉంది. ఒంట్లో బాగాలేదనొచ్చు. ఈ రీలు పాడైపోయింది, వదిలెయ్ అనొచ్చు. టేపు ఒక రీలు మీంచి ఇంకో రీలు మీదికి పోతూ చిక్కిపోవడం చూస్తూ కూర్చున్నాడు.

టేపులమ్మాయి మీట నొక్కింది.

క్లారినెట్ వచ్చింది, ఒంటరిగా. ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా వినబడింది, ఆ తర్వాత సన్నగా ఒక స్వరం. దాన్ని కాసేపు పట్టుకుని వదిలేసి ఇంకోటి. తొందర లేదు, భయం లేదు. ఇరవై ఆరేళ్ళ కుర్రాడు తెలియని వీధిలో మొదటి ఇల్లు తనే తట్టినట్టు వాయిస్తున్నాడు.

"ఇది వేరే పాటా సార్?"

పొడుగాయన విను అన్నట్టు వేలు చూపించాడు. మూడో నిమిషంలో బేస్ వచ్చింది. క్లారినెట్ ఒక మాట అనడం, దాని చివర పట్టుకుని బేస్ తీగని మీటడం. మళ్ళీ అది అనడం, ఇది అందుకోవడం. టేపులమ్మాయి కొంచెంసేపు తల ఊపుతూ విని, ఉన్నట్టుండి ఊపడం మానేసింది. పాటని ఆపకుండానే కంప్యూటర్ వైపు తిరిగి, అప్పటిదాకా ఎక్కిన ముక్కని తీసుకుని, తిరగేసి, హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని వింది. ఒక్క నిమిషం కూడా వినలేదు. హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"సార్. ఆ రికార్డు తిరగబడి అచ్చయింది."

"అవును."

"ఆ తీగ ఊపిరి పీల్చుకోవడం... అది వాయించింది కాదు."

"కాదు. మామూలుగా మీటిందే. తిరగేస్తే అలా వినబడుతుంది."

"మీకెప్పుడు తెలిసింది?"

"మొదటి కాపీ ఇంటికొచ్చిన రోజే. అచ్చువేసేవాడికి ఎర్ర పట్టీ సంగతి తెలియదు. తోకవైపున్న మాటల్ని ఏదో గోలనుకుని వదిలేసి, పాటకి పేరు కూడా తనే పెట్టేశాడు. మాకు టేపు చేసిపెట్టిన రేడియో ఆయన అప్పటికే ఊరు మారిపోయాడు. మర్నాడు ఫోను చేసి చెప్దామనుకున్నాను. మర్నాడు పేపర్లో వచ్చింది, ఇలాంటి బేస్ ఎవరూ విని ఉండరని, క్లారినెట్ నీడలా నా వెంట నడిచిందని. ఆ వారం ఆగాను. ఆ తర్వాత నెల ఆగాను." ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. ఇప్పుడు వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు. "పిడుగు రికార్డులు వినేవాడు కాదు. వాయించింది మళ్ళీ వినడమంటే ఎంగిలి తినడమే అనేవాడు. విన్నది పిచిక ఒక్కడే."

పాట సాగుతూనే ఉంది. పొడుగాయన ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత మొదటిసారి దాన్ని సరిగ్గా వింటున్నాడు. సిగ్గు ఒక్కటే అయితే సర్దుకునేవాడు. ఆ వెనకాల నడుస్తున్న బేస్ ఎంత బాగుంది! ఒక్కచోట కూడా ముందుకి తోసుకోలేదు. ఎదుటివాడు ఆగితే ఆగాడు, ఎదుటివాడు తడబడితే కింద అరచెయ్యి పెట్టినట్టు ఒక స్వరం పెట్టాడు. జీవితంలో అంత బాగా ఇంకెప్పుడూ వాయించలేదు. అదే దాచిపెట్టుకున్నాడు.

"కంపెనీవాళ్ళు అసలు ఈ పాట కోసమే వేస్తున్నారు సార్," అంది టేపులమ్మాయి చివరికి. "ఏది ఎలా వేయాలో మీరే రాసివ్వాలన్నారు. నేనెవరికీ ఏమీ చెప్పను. డబ్బా మీద ఏం రాయమంటే అది రాస్తాను."

"రేపు చెప్తాను," అన్నాడు.

*

సాయంత్రం భార్య ఆరిన బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేశాడు. ఆవిడ చేతులు ఆగలేదు. ఒక చొక్కా మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"నాకెందుకు చెప్తున్నారు?"

"ఎవరికో ఒకరికి చెప్పాలి కదా."

"వాడు ఆ క్లారినెట్ని గుడ్డలో చుట్టి బీరువా మీదికి ఎక్కించిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఎందుకురా మానేస్తున్నావు అంటే ఏమన్నాడో తెలుసా? 'అక్కా, నా జ్ఞాపకం మంచిది కాదు. జరగనిది జరిగిందనుకుంటున్నాను. అలాంటివాడు ఈ సంగీతానికి పనికిరాడు,' అన్నాడు. నాకు అర్థంకాలేదు. మీకు అర్థమయ్యేది. మీతో చెప్పలేదే అని ఇన్నేళ్ళూ వాణ్ణే తప్పుపట్టాను."

"నాతోనూ అన్నాడు," అన్నాడు పొడుగాయన నెమ్మదిగా. "మన వంటింట్లోనే. 'బావా, మొదలుపెట్టింది నేను కదా?' అన్నాడు."

"మీరేమన్నారు?"

"రికార్డు వినరా అన్నాను."

ఆవిడ మడతపెట్టిన బట్టలన్నీ ఎత్తుకుని లోపలికి పోయింది. తిరిగొచ్చి ఆయన చొక్కా ఒకటి కుర్చీ మీద పడేసింది. "పొద్దున్నే లేచి ఇది వేసుకుని వాడి దగ్గరికి వెళ్ళండి. వాడు వస్తానన్నా రానన్నా తీసుకెళ్ళాల్సిందే. అప్పటిదాకా నాతో మాట్లాడకండి."

*

పిచిక తన ఇంటి ముందుగదిలో ఒక పాత మిషనుకి బెల్టు ఎక్కిస్తున్నాడు. అంత పొద్దున్నే గుమ్మంలో బావగారు కనిపించేసరికి కంగారుపడి లేచాడు. "అక్కకి బాగానే ఉందా?"

"బాగానే ఉంది. చొక్కా వేసుకో. గంటలో వచ్చేద్దాం."

"టేపులకేనా? మొన్ననే చెప్పాను కదా—"

"అడగడానికి రాలేదురా. తీసుకెళ్ళడానికి వచ్చాను."

ఆ గొంతులో ఏం వినబడిందో గానీ పిచిక నూనె చేతులు గుడ్డకి తుడుచుకుని వెంట బయల్దేరాడు. దారంతా బస్సులో ఇద్దరూ చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. చెప్పాల్సింది ముందే చెప్పేద్దామని పొడుగాయన రెండుసార్లు నోరు తెరిచాడు. మాటల్లో చెప్తే వాడు నమ్మడని మూసుకున్నాడు. మాటల్లో చెప్పినదాన్ని వాడు ఒకసారి నమ్మాడు, చాలు.

టేపులమ్మాయి పిచికకి మిషను ఎదురుగా ఉన్న కుర్చీ చూపించింది. పొడుగాయన తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆవిడ ఏ ఉపోద్ఘాతమూ లేకుండా మీట నొక్కింది.

ఊపిరి చప్పుడు. క్లారినెట్.

మూడో స్వరం దగ్గర మోకాళ్ళ మీద ఉన్న పిచిక వేళ్ళు కదిలాయి. ఒక్కో వేలూ సరిగ్గా ఎక్కడ పడాలో అక్కడ పడుతోంది, టేపుతో పాటు. టేపు కంటే వెంట్రుకవాసి ముందే పడుతోంది. బేస్ వచ్చేసరికి వేళ్ళు ఆగిపోయాయి.

"ఇది నేను," అన్నాడు.

"నువ్వే," అన్నాడు పొడుగాయన. "రికార్డు తిరగబడింది. నాకు తెలుసు. అప్పట్నించీ తెలుసు."

పిచిక వెనక్కి తిరగలేదు. తిరుగుతున్న రీలునే చూస్తున్నాడు.

"వంటింట్లో అడిగాను నిన్ను."

"అడిగావు."

"రికార్డు వినరా అన్నావు."

"అన్నాను."

"విన్నాను బావా. రెండుసార్లు విన్నాను. నా ఊపిరి నాకే తేడాగా వినబడింది. రికార్డు కదా, అలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను. మిషను అబద్ధం ఎందుకు చెప్తుంది, నాకే గొప్పలు ఎక్కువయ్యాయి అనుకున్నాను." అతని గొంతు పెరగలేదు, కానీ మెడ మీద నరం లేచింది. "అక్కడినుంచి ప్రతిదీ అలాగే. ఇంట్లో ఏదైనా పోతే నేనే పోగొట్టానంటాను. ఎవరైనా నువ్వన్నావు అంటే అన్నానేమో అంటాను. నా పెళ్ళాం నవ్వుతుంది, ఇంత మెతక మనిషివేంటి అని. మెతక కాదు బావా. నాకు నామీద నమ్మకం పోయింది. నువ్వు తీసేశావు."

పొడుగాయనకి క్షమించరా అనాలని ఉంది. ఆ మాట చిల్లర విసిరినట్టు ఉంటుందని అనలేకపోయాడు. "అవును," అన్నాడంతే. నిలబడలేక గోడకి ఆనుకున్నాడు. ఈసారి అవి నిజంగా మోకాళ్ళే.

టేపులో ఇద్దరు కుర్రాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు వింటూ ఎక్కడికో వెళ్తున్నారు. పిడుగు తడి చేత్తో డ్రమ్ము చర్మాన్ని రుద్దుతున్నాడు. పిచిక తల కొద్దిగా వంగింది.

"ఇక్కడ నేను దారితప్పాను," అన్నాడు తనలో తను. "చూడు... పట్టుకున్నావు. ఎంత బాగా పట్టుకున్నావు బావా." అని, అలా అన్నందుకు తనమీద తనకే కోపం వచ్చినట్టు పెదవులు బిగించాడు.

పాట బేస్ ఒక్కదానితో సన్నగిల్లి ఆగిపోయింది. దూది గదిలో నిశ్శబ్దం. ఎవరో కుర్చీ జరిపారు. కింద తాళాలు గలగలలాడాయి. పిడుగు ముక్కు చీదుకుని, మనిషి పక్కనే ఉన్నంత దగ్గరగా, సంతోషంగా అడిగాడు:

"ఒరేయ్ పిచికా! నీదే కదరా ఇది. ఏం పేరు పెడతావ్?"

ఇరవై ఆరేళ్ళ గొంతొకటి ఆయాసంగా నవ్వింది. "చెప్తా, చెప్తా. ముందు మంచినీళ్ళు ఇవ్వండ్రా." టక్కున టేపు అయిపోయింది. తోక కొస మిషనుకి తగులుతూ టపటపా కొట్టుకుంది.

టేపులమ్మాయి రీలుని ఆపింది. డబ్బా మీద పాత అట్టముక్క చింపి కొత్తది అంటించింది. 'మొదలు: క్లారినెట్' అని రాసింది. పొడుగాయన కేసి చూసింది. ఆయన తల ఊపాడు. పేరు దగ్గర కలం పెట్టి ఆగింది.

"పేరు చెప్పండి సార్," అంది పిచికతో.

పిచిక కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. పొడుగాయన ఊపిరి బిగబట్టి ఎదురుచూశాడు. వాడు ఏ పేరు చెప్పినా సరే, కంపెనీ ఒప్పుకోనన్నా సరే, అట్ట మీద అదే పడాలి. ఆ ఒక్క మాట పడితే ఎంతోకొంత తిరిగి ఇచ్చినట్టవుతుంది.

"అనుకున్నాను," అన్నాడు పిచిక. "ఆ రోజు మెట్లు దిగుతూ కూడా అనుకున్నాను. చాలా బాగుంది ఆ పేరు. రికార్డు వచ్చాక చెప్పి మిమ్మల్నిద్దర్నీ నవ్వించాలనుకున్నాను." కళ్ళు తెరిచాడు. "గుర్తు లేదు బావా."

కలం పట్టుకున్న చెయ్యి అలాగే ఉంది. పొడుగాయన వచ్చి రెండో కుర్చీలో, బావమరిది పక్కన కూర్చున్నాడు.

"ఖాళీగా వదిలెయ్యమ్మా," అన్నాడు పిచిక. "మళ్ళీ వెనక్కి చుట్టు. మొదట్నించి విందాం."